రాత్రి భోజనానికి సెవిచేనా?

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. పిల్లల సెలవుల్లో పెరూ వెళ్దామని ఎవరో ట్రావెల్స్ వాళ్ళతో మాట్లాడి, వాళ్ళిచ్చిన ప్రోగ్రాం పీడీఎఫ్ నాకు వాట్సాప్ చేశాడు. "అన్నయ్యా, అక్కడ ఉండొచ్చినవాడివి కదా, ఓసారి చూసి చెప్పు. మాచుపిచ్చు అవీ వాళ్ళే చూసుకుంటారు, నాకు తిండి సంగతే కావాలి" అని కింద ఒక ముక్క. చూశాను. లిమాలో దిగిన రోజు రాత్రి ఎనిమిదింటికి 'సంప్రదాయ సెవిచే డిన్నర్' (నిమ్మరసం పట్టించిన పచ్చి చేప). మర్నాడు పొద్దున్నే కుస్కో విమానం, ఆ రాత్రే 'ఆండీస్ విందు: కుయ్ రోస్ట్, పిస్కో సవర్' (కాల్చిన గినీ పిగ్, ద్రాక్ష సారా పిస్కోతో కలిపిన కాక్‌టెయిల్). అరెకిపాలో ఆదివారం పొద్దున పదింటికి సిటీ టూర్, సాయంత్రం ఆరింటికి 'పికాంటెరియా అనుభవం' (ఆ ఊరి పాతకాలపు వంటశాలలో భోజనం). చివరి పేజీలో పెరూలో తప్పకుండా తినాల్సిన వంటకాల పట్టిక, పక్కన టిక్కులు పెట్టుకోవడానికి గళ్ళు.

పట్టికలో వంక పెట్టడానికేం లేదు. ఏ పెరూవాడిని అడిగినా ఇంచుమించు అవే పేర్లు చెప్తాడు. నాకు తేడా కొట్టింది ఆ పేర్ల ఎదురుగా వేసిన వేళల దగ్గర. ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ దేశం ఆ తిండి తినే వేళ కాదు.

మన హైదరాబాద్ మందుల కంపెనీలకి లాటిన్ అమెరికాలో మంచి వ్యాపారమే ఉంది. ఆ పని మీదే కొంతకాలం లిమాలో ఉన్నాను. అప్పట్నుంచీ నా బుర్రలో నలుగుతున్న మాట ఒకటి ఈ పీడీఎఫ్ పుణ్యమా అని బయటికొస్తోంది. పెరూ వెళ్ళేవాళ్ళు ఏం తినాలన్న జాబితా కాసేపు పక్కనపెట్టి ముందు వేళలు తెలుసుకోవాలి. గంట, వారం, నెల, మూడూ. వేళ తప్పినా అదే పేరుతో అదే పళ్ళెం మీ ముందుకొస్తుంది, కానీ పక్క బల్లల మీద కూర్చుని అదే తినే ఊరి జనం ఉండరు. ఈ మాట మీద నాకే బోలెడు అనుమానాలున్నాయి. అవీ రాస్తాను.

మధ్యాహ్నం చేప

లిమాలో సెవిచేరియాలు పదకొండు, పన్నెండు మధ్య తెరుస్తారు. నాలుగూ ఐదయ్యేసరికి కుర్చీలు బోర్లించి నేల కడిగేస్తుంటారు. అన్నీ అని కాదు. టూరిస్టులు దిగే మిరాఫ్లోరెస్ లాంటి పేటల్లో రాత్రి పదింటిదాకా సెవిచే దొరికే చోట్లున్నాయి. ఊరి జనం తినేవి మాత్రం మధ్యాహ్నంతో సరి.

ఒకసారి హైదరాబాద్ నుంచి మా పెద్ద బాస్ వచ్చాడు. విమానం దిగి స్నానం చేసి, ఏడున్నరకి "సెవిచే తిందాం పదండి" అన్నాడు. మా ఆఫీసులో రిజిస్ట్రేషన్ల పని చూసే ఆవిడ సరేనని తల ఊపి, కారెక్కించి, తిన్నగా ఒక చిఫాకి తీసుకెళ్ళింది. చిఫా అంటే 1849 నుంచి కూలికి వచ్చిన చైనా వాళ్ళు అక్కడి సరుకులతో అల్లుకున్న వంట. ఆయన చౌఫా అన్నం తిని "ఇది మన ఫ్రైడ్ రైసే కదా" అని సంతోషించాడు. సెవిచే మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు నేనడిగితే ఆవిడ చెప్పిన జవాబు: "రాత్రి తినిపిస్తే ఆయన దాన్నే సెవిచే అనుకుని వెళ్ళిపోతాడు." ఆ మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో లేపి మరీ అందర్నీ చొర్రియోస్ తీసుకెళ్ళింది. అక్కడ పడవల రేవు పక్కనే కొట్లు.

ఆ కొట్టులో వంటావిడ చేతులు నాకు ఇప్పటికీ గుర్తు. ముందు చేప ముక్కలకి ఉప్పు పట్టించింది. ఆ తర్వాత నిమ్మకాయలు. మన చిన్న పుల్ల నిమ్మకాయ జాతే అది. ఒక్కో చెక్కనీ సగం పిండి పక్కన పడేస్తోంది. ఇంకా రసం ఉంది కదా అనిపించింది. గట్టిగా పిండితే తొక్కలో చేదు దిగుతుందట. అహీ లిమో అనే ఘాటు మిరపకాయ సన్నగా తరిగి వేసి, గిన్నెలో ఒక ఐసు ముక్క తిప్పి తీసేసి, చివర్న ఉల్లిపాయ వేసింది. మొత్తం కలిపి ఐదు నిమిషాల పని. పక్కన ఉడికించిన చిలగడదుంప చక్రం, పెద్ద గింజల మొక్కజొన్న, వేయించిన మొక్కజొన్న గింజలు. అడుగున మిగిలిన పుల్లటి తెల్లటి రసాన్ని 'పులిపాలు' అంటారు. దాన్ని చివరికి గిన్నె ఎత్తి తాగేయడమే.

ఇప్పుడు అనుమానం. ఈ మధ్యాహ్నం నియమం ఫ్రిజ్‌లు లేని రోజులది. పొద్దున పట్టిన చేప సాయంత్రానికి పాడవుతుందని పుట్టింది. ఇవాళ ఐసుంది, ఫ్రిజ్ ఉంది. 2025లో ప్రపంచంలో మొదటి ర్యాంకు వచ్చిన లిమా రెస్టారెంట్ మైదోలో రాత్రిపూట పచ్చి చేప శుభ్రంగా వడ్డిస్తారు, ఎవరికీ ఏమీ కాదు. అంతెందుకు, ఐదు నిమిషాల సెవిచే కూడా అనాదిగా ఉన్నదేం కాదు. వెనకటి తరాలు నిమ్మరసంలో గంటల తరబడి నానబెట్టేవాళ్ళు. జపాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ వంటశాలల ప్రభావంతో అది నిమిషాలకి దిగిందని అక్కడివాళ్ళే చెప్తారు. వంట ఇంత మారాక వేళ ఒక్కటీ ఎందుకు మారకూడదు?

నా దగ్గర దీనికి శాస్త్రీయమైన సమాధానం లేదు. కళ్ళతో చూసింది మాత్రం ఉంది. ఆదివారం మధ్యాహ్నం చొర్రియోస్‌లో మూడు తరాలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, బీరు సీసాలు తెరుచుకుని, ఒక పెద్ద పళ్ళెంలోంచి పంచుకుంటారు. 2023లో యునెస్కో సెవిచేని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, చేర్చింది ఆ వంటకం చుట్టూ ఉన్న అలవాట్లని. రాత్రి ఎనిమిదింటికి హోటల్ పక్క రెస్టారెంటులో దొరికేది చేపా నిమ్మరసమూ. రుచి ఉంటుంది, కాదనను.

బాక్స్ లంచ్

ఈ వేళలు తారుమారవడం ట్రావెల్స్ వాళ్ళ తెలివితక్కువతనం వల్ల అనుకోను. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. పగలంతా శిథిలాలు చూపించాలి, కొండలెక్కించాలి. ఖాళీ దొరికేది రాత్రి. కాబట్టి తిండి అనేది రాత్రి కార్యక్రమం అయిపోతుంది. మధ్యాహ్నానికి వ్యాన్‌లో ఒక అట్టపెట్టె ఇస్తారు: సాండ్‌విచ్, అరటిపండు, జ్యూసు డబ్బా.

దేశం మొత్తం కూర్చుని తినే గంటలో యాత్రికుడు వ్యాన్‌లో సాండ్‌విచ్ నములుతుంటాడు. పెరూలో పెద్ద భోజనం మధ్యాహ్నానిదే. ఒంటిగంట నుంచి మూడు దాకా ప్రతి సందులోనూ పలక మీద సుద్దతో రాసిన 'మెనూ' కనిపిస్తుంది. ముందు సూప్, తర్వాత అన్నంతో ఒక పళ్ళెం, దాంతోపాటు ఒక గ్లాసు చిచా మొరాడా (ఊదారంగు మొక్కజొన్నని అనాసపండు తొక్కలతో, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించిన తీపి నీళ్ళు), అన్నీ కలిపి పది పదిహేను సోళ్ళలో (సోల్ అక్కడి డబ్బు) అయిపోతుంది. లాయరూ తింటాడు, పక్కన కూర్చుని ట్యాక్సీ డ్రైవరూ తింటాడు. కోడికూరలో అహీ అమరియ్యో అనే పసుపు మిరపకాయ వేసిన అహీ దె గయ్యీనా, గొడ్డుమాంసం ముక్కల్ని ఉల్లి టమాటాలతో పెద్ద మంట మీద ఎగరేసిన లోమో సల్తాదో, పప్పు అన్నం, ఇవన్నీ అక్కడే మొదట తిన్నాను. పెద్ద రెస్టారెంట్లలో తర్వాత తిన్నవి వాటికి కాస్త అలంకారం.

రాత్రికి చాలా ఇళ్ళలో వంటే ఉండదు. ఐదూ ఆరింటికి 'లోంచే' అని రొట్టె, కాఫీయో టీయో, జున్నో అవకాడోనో. మనం డిన్నర్ అని బయల్దేరే సమయానికి వాళ్ళ రోజు సగం ముగిసిపోయింది.

సాయంత్రం రెస్టారెంట్ల వైపు పోకుండా వీధిలో నిలబడితే వేరే లోకం. చీకటి పడే వేళకి బొగ్గుల పొగ లేస్తుంది. గొడ్డు గుండె ముక్కల్ని ఎర్ర మిరప ముద్దలో, వెనిగర్లో, జీలకర్రలో నానబెట్టి పుల్లలకి గుచ్చి కాలుస్తారు. అదే అంతికూచో. నూనె పూయడానికి కుంచె బదులు మొక్కజొన్న పొత్తు ఆకుల కట్ట వాడతారు. దాన్ని ముంచి తట్టినప్పుడల్లా మంట ఎగుస్తుంది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా జనం, యజమానులకి అక్కర్లేని మాంసంతో నిలబెట్టిన వంట అని చెప్తారు. దాని పక్కనే పికారోనెస్ బండి: చిలగడదుంప, గుమ్మడికాయ కలిపిన జారుడు పిండిని వేళ్ళతో చుట్టి నూనెలోకి వదిలి, సన్నటి పుల్లతో తిప్పి, బెల్లం పాకం పోసిస్తుంది. ఇది రాత్రి తిండే. పగలు వెతికితే దొరకడం కష్టం.

ఎమొలియెంతె గురించి రెండు మాటలు రాయకుండా ఉండలేను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లిమా ఆకాశం బూడిదరంగు దుప్పటి కప్పుకుంటుంది. వాన పడదు, తడి మాత్రం ముఖానికి అంటుకుంటుంది. ఆ చలిలో తెల్లారుజామున బస్టాపుల దగ్గర ఒక తోపుడుబండి, దాని మీద సీసాల వరస. వేయించిన బార్లీ, మూలికలు మరిగించిన నీళ్ళలో అవిసెగింజల జిగురు కలిపి, నిమ్మకాయ పిండి, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తు నుంచి పోస్తాడు. ధార తెగకుండా దారంలా సాగుతుంది. "లివరుకా, కిడ్నీకా?" అని అడిగి దానికి తగ్గ చుక్కలు కలుపుతాడు. మందుల కంపెనీ ఉద్యోగిగా నాకది వృత్తిపరమైన పోటీ.

అరెకిపా వారం

గంటల సంగతి లిమా నేర్పితే, వారాల సంగతి అరెకిపా నేర్పుతుంది. పికాంటెరియా అనేది మధ్యాహ్నం వంటశాల. పొద్దున్నుంచి వండుతారు, పన్నెండుకి తెరుస్తారు, సాయంత్రానికి మూస్తారు. పొడవాటి బల్లలు, ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. లోపల బతాన్ అనే రాయి. మన సన్నికల్లు లాంటిదే, కాకపోతే పైరాయిని దొర్లించకుండా రెండు చేతులతో అటూ ఇటూ ఊపుతారు. మిక్సీలో వేస్తే మిరపకాయ ముక్కలవుతుంది తప్ప నలగదని పికాంటెరా ఆడవాళ్ళ పంతం. 2014లో పెరూ ప్రభుత్వం ఈ పికాంటెరియాలని జాతీయ వారసత్వంగా ప్రకటించింది.

అక్కడ వారానికి ఒక పద్ధతుంది. సోమవారం చాకె, మంగళవారం చైరో, శుక్రవారం మాంసం లేని చుపే, ఇలా రోజుకో సూప్. ఇక ఆదివారం తెల్లవారుజామున అదోబో. పంది మాంసాన్ని మొక్కజొన్న కల్లు చిచా కుండ అడుగున మిగిలిన మడ్డిలో, ఎర్ర మిరప ముద్దతో రాత్రంతా నానబెట్టి మట్టికుండలో ఉడికిస్తారు. కైమా పేటలో చర్చి చుట్టుపక్కల ఆరింటికే జనం. మూడు మూలల రొట్టెని పులుసులో ముంచుకుని తిని, పైన సోంపు సారా చుక్క వేసిన టీ. తొమ్మిది దాటితే కుండలు ఖాళీ. మా తమ్ముడి పీడీఎఫ్‌లో ఆ సమయానికి హోటల్ బఫేలో కార్న్‌ఫ్లేక్స్ తింటుంటారు, పదింటికి సిటీ టూర్, సాయంత్రం ఆరింటికి పికాంటెరియా. ఆరింటికి తలుపు తీసేది టూరిస్టు బస్సుల కోసం పెట్టిన పికాంటెరియాయే.

అక్కడ తిన్న ఓకోపా మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది. ఎండు అహీ మిరప, వకటాయ్ అనే ఘాటైన ఆకు, జున్ను, వేయించిన వేరుశనగపప్పు బతాన్ మీద నూరి, ఉడికిన బంగాళాదుంప మీద పోస్తారు. నాది అనంతపురం. వేరుశనగ నూరితే వచ్చే వాసన ఎక్కడున్నా పట్టేస్తాను. ఆ గింజ మనకొచ్చింది దక్షిణ అమెరికా నుంచే. పెరూ ఉత్తర తీరంలో 1987లో వాల్టర్ ఆల్వా బృందం తవ్విన సిపాన్ ప్రభువు సమాధిలో మెడలో వేసిన హారం పూసలు వేరుశనగ కాయల ఆకారంలో ఉన్నాయి, కొన్ని బంగారంవి, కొన్ని వెండివి. మా జిల్లాలో దాన్ని వేసి అప్పులపాలైన రైతులకి ఆ హారం ఫోటో చూపించాలని ఎప్పుడూ అనుకుంటాను.

నెలలు, ఎత్తులు

ఫిబ్రవరిలో ఒకసారి అరెకిపా వెళ్ళాల్సొచ్చింది. నది రొయ్యలతో, పాలూ జున్నూ వేసి చేసే చుపే దె కమరోనెస్ ఆ ఊరికి ప్రసిద్ధి. నాతో వచ్చిన డిస్ట్రిబ్యూటర్ ఆత్రంగా అదే అడిగాడు. వడ్డించే పెద్దావిడ చెయ్యి తుడుచుకుంటూ "ఏప్రిల్లో రండి" అంది. జనవరి నుంచి మార్చి దాకా నది రొయ్యలు పట్టడం నిషేధం. కొండల్లో వానలు పడి ఒకోన్యా, మాహెస్ నదులు పొంగే కాలం, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం. ఎదురుగా ఉన్న ఇంకో హోటల్ బోర్డు మీద మాత్రం ఆ రోజే చుపే రాసుంది. ఆయన అక్కడికి వెళ్ళి తిని వచ్చాడు. ఫ్రీజరులోదై ఉండొచ్చు, దొంగతనంగా పట్టిందై ఉండొచ్చు. బావుందన్నాడు.

ఈ నెలల లెక్క ఎక్కువ తెలిసేది పర్వతాల్లో. మన దగ్గర వానాకాలం మొదలయ్యేటప్పటికి అక్కడ ఎండు చలికాలం. మే నుంచి జూలై దాకా బంగాళాదుంప తవ్వకాలు. మూడు వేలకు పైగా రకాలున్న దేశం అది. ఆ పంటని కాపాడ్డానికి లిమా శివార్లలో 1971 నుంచి అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రమే ఉంది. ఆ తవ్వకాల రోజుల్లో చిన్‌చెరో దగ్గర పొలంలో వాతియా తిన్నాను. దున్నిన చేలో ఎండిన మట్టిగడ్డలు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మోకాలెత్తు గుమ్మటం కడతారు. సున్నం, సిమెంటు ఏమీ ఉండవు, గడ్డల బరువే దాన్ని నిలబెడుతుంది. లోపల ఎండు పుల్లలతో మంట పెట్టి, గడ్డలు ఎర్రబడి నల్లబడ్డాక దుంపలు లోపలికి తోసి, గుమ్మటాన్ని పారతో కొట్టి కూల్చేస్తారు. అరగంట తర్వాత తవ్వి తీస్తే దుంప తొక్క మీద కాలిన మట్టి పొర. ఊది, వేళ్ళతో చీల్చి, పచ్చిమిరపా మూలికలూ నూరిన ఉచుకుతాలో అద్దుకుని, పక్కన జున్నుముక్క. జనవరిలో ఇది కుదరదు. మట్టి తడిగా ఉంటుంది, గుమ్మటం నిలబడదు.

అదే రోజుల్లో ఇంకా పైన, తితికాకా సరస్సు వైపు, రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి. చిన్న దుంపల్ని గడ్డి మీద పరుస్తారు. రాత్రి గడ్డకడతాయి, పగలు ఎండకి కరుగుతాయి, అప్పుడు వట్టి కాళ్ళతో తొక్కి నీరు తీస్తారు. కొన్ని రోజులు ఇలా చేసి ఆరబెడితే చూన్యో. గులకరాయిలా ఉంటుంది, ఏళ్ళ తరబడి నిల్వ. రుచి నాకు పెద్దగా నచ్చలేదు, తడిసిన అట్టముక్కలా ఉంది. కాని సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ కొని తిన్నవాడికీ, ఆ చలిలో దాన్ని తొక్కుతుంటే చూసినవాడికీ అది ఒకే తిండి కాదు.

కుస్కోలో కార్పస్ క్రిస్తీ పండక్కి మాత్రమే చేసే చిరియూచు కూడా అలాంటిదే. మే చివర్లోనో జూన్లోనో వస్తుంది. చల్లారిన పళ్ళెం. కాల్చిన కుయ్, కోడి, ఎండు మాంసం, చేప గుడ్లు, సముద్రపు నాచు, జున్ను, రొకోతో మిరపకాయ. సముద్రం సరుకూ కొండ సరుకూ ఒకే చోట. కుస్కో కెథడ్రల్లో మార్కోస్ సపాతా గీసిన చివరి విందు చిత్రంలో ఏసుక్రీస్తు ముందున్న పళ్ళెంలో ఉన్నది కుయ్యేనని గైడ్లు చూపిస్తారు. మన వాళ్ళు దాన్ని గినీ పిగ్ అని మొహం చిట్లిస్తారు. అది పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ వండే మర్యాద తిండి. దిగిన రోజు రాత్రి టూరిస్టుకి ఫోటో కోసం పెట్టేది కాదు. పైగా కుస్కో మూడువేల నాలుగొందల మీటర్ల ఎత్తులో ఉంది. తక్కువ తిను, మెల్లగా నడు, ఒంటరిగా పడుకో అని అక్కడ సామెత. ఆ రాత్రికి కోకా ఆకుల టీ, క్వినోవా సూప్ చాలు. నూనె కారే కుయ్, దాని మీద పిస్కో సవర్ అంటే తెల్లారి ఆక్సిజన్ సిలిండరే.

ఇక్కడ నా వాదనకి ఎదురు నిలిచేది లిమాలోని సెంత్రాల్ రెస్టారెంటు. 2023లో ప్రపంచంలో మొదటి ర్యాంకు. సముద్రం లోపలి నుంచి నాలుగు వేల మీటర్ల పైదాకా ఒక్కో ఎత్తుకి ఒక్కో పళ్ళెం చొప్పున పెరూ మొత్తాన్ని ఒకే పూటలో తినిపిస్తారు. కాలం అక్కర్లేదు, ప్రయాణం అక్కర్లేదు, వందల డాలర్లు మాత్రం కావాలి. నేను తినలేదు. తిన్నవాళ్ళు చెప్పింది విన్నాక ఒకటి ఒప్పుకోవాలి. లిమా డబ్బున్నవాళ్ళే ఒకప్పుడు కొండవాళ్ళ తిండి అని చిన్నచూపు చూసిన దుంపలు, గింజలు, ఆకులు ఇప్పుడు మర్యాద పొందాయి. 1994లో అస్త్రిద్ ఇ గస్తోన్ అనే లిమా రెస్టారెంటు ఫ్రెంచి వంటతో మొదలై తర్వాత పెరూ వంటకి మళ్ళింది. ఆ దారి అక్కడ మొదలైంది. అది చిన్న విషయం కాదు. కాని యాత్రికుడిగా నాకు ఒక పూటలో పెరూ మొత్తం అక్కర్లేదు.

గ్లాసులోది

పిస్కో విషయం తొందరగా చెప్పేస్తాను. పిస్కో ఎవరిదన్న దాని మీద చిలీతో గొడవుంది, దాన్ని వదిలేస్తా. పెరూ నియమం ప్రకారం ద్రాక్షరసం పులియబెట్టి ఒకేసారి బట్టీ పడతారు, నీళ్ళు కలపకూడదు, కనీసం మూడు నెలలు రుచి పట్టని పాత్రల్లో ఉంచాలి. ఇకా వైపు డిస్టిలరీ టూర్లు ఏడాది పొడుగునా అమ్ముతారు. ద్రాక్ష కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, బట్టీలు ఆ వెంటనే. ఆగస్టులో వెళితే చల్లారిన రాగి బాన, చీకటి గది, చివర్న షాపు. లిమాలో మారిస్ అనే అమెరికావాడు 1916లో తెరిచిన బార్లోంచి వచ్చిందంటున్న పిస్కో సవర్ మాత్రం ఏ నెలలోనైనా తాగొచ్చు. ఒకటి చాలు. గుడ్డు తెల్లసొన నురగ చూసి షర్బత్తు అనుకుంటారు.

నాకు దానికంటే చిచా దె హోరా ఇష్టం. మొలకెత్తిన మొక్కజొన్నతో చేసిన పుల్లటి కల్లు. కుస్కో లోయలో ఇంటి బయట కర్రకి ఎర్ర ప్లాస్టిక్ సంచి కట్టుందంటే లోపల తాజా చిచా ఉన్నట్టు. సంచి దించేశారంటే అయిపోయింది. ఇంత సూటిగా వేళ చెప్పే బోర్డు ఇంకెక్కడా చూడలేదు.

ఈ వేళలు ఎవరి నడుం మీద

ఇప్పుడు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే అభ్యంతరం. మా ఆఫీసావిడ అత్తగారు లిమా కొండవాలు బస్తీలో ఒక కొమెదోర్ పొపులార్‌లో వంట చేస్తుంది. డెబ్బైల చివర్నుంచి పేద ఆడవాళ్ళు సరుకు పోగేసి ఉమ్మడిగా వండుకునే వంటశాలలివి. ఎనభైల సంక్షోభంలో లక్షల మందిని నిలబెట్టాయి. లిమా శివారు బస్తీ వియ్యా ఎల్ సాల్వదోర్ ఆడవాళ్ళ సంఘానికి నాయకురాలైన మరియా ఎలేనా మొయానోని 1992 ఫిబ్రవరిలో మావోయిస్టు సాయుధ దళం షైనింగ్ పాత్ చంపిందంటే, ఆ వంటశాలల బలం ఎంతో ఊహించుకోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో అవే 'ఉమ్మడి కుండలు'గా మళ్ళీ పొయ్యిలు వెలిగించాయి.

అక్కడ కూడా వేళ ఉంది. పన్నెండున్నరకి గిన్నెలు పట్టుకుని వరస, ఒంటిగంటకల్లా కుండ ఖాళీ. ఆలస్యమైతే ఆ పూటకి లేదు. ఆవిడతో నా ఈ వేళల సిద్ధాంతం ఏదో చెప్పబోయాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ అంది: "నాకో పెద్ద ఫ్రీజర్ ఉంటే ఆదివారమే వండి పెట్టేసి సోమవారం పడుకుంటా." మూడింటికి లేచే మనిషి మాట అది. వండింది తాజాదో నిల్వదో ఏదైనా సరే, నిద్ర కావాలి.

2022లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ పెరూ జనాభాలో సగం మందికి తిండికి భరోసా లేదని, దక్షిణ అమెరికాలో అదే అన్నిటికన్నా అధ్వాన్నమని చెప్పింది. ఆ మరుసటేడే ప్రపంచంలో మొదటి రెస్టారెంటు లిమాలో. ఇది విరుద్ధమనో సహజమనో తేల్చే శక్తి నాకు లేదు. కానీ అరెకిపాలో తెల్లారి ఆరింటికి అదోబో అందుతోందంటే ఒక ఆడమనిషి రాత్రంతా కుండ దగ్గర ఉంది. ఆ ఇంటి కూతురు లా చదువుతోంది, వంటలోకి రానంటోంది. ఆ అమ్మాయి మాటే న్యాయం. అప్పుడు ఆదివారం అదోబో పదింటికి మారొచ్చు, మైక్రోవేవ్‌లోకీ మారొచ్చు. వేళ పాటించండి అని యాత్రికుడికి చెప్పగలను. వండే ఆడవాళ్ళని మూడింటికి లేవమనడానికి నేనెవర్ని?

అయినా యాత్రికుడి దగ్గర నా మాట వెనక్కి తీసుకోను. పొద్దున్నే లేచి వెళ్ళి, ఉన్నది తిని, వండినావిడకే నేరుగా డబ్బిచ్చి రావడం వల్ల ఆ కూతురికి ఫీజైనా కడతారు. సాయంత్రం ఆరింటి 'అనుభవం' డబ్బు ట్రావెల్స్ వాడికి, గైడుకి, బస్సుకి పోగా మిగిలిందే ఆ ఇంటికి.

ఐదు రోజుల సెలవులో ఇవన్నీ ఎలా కుదురుతాయి అంటారు. కుదరవు. మా వాడికి లిమాలో రెండు మధ్యాహ్నాలు ఖాళీ పెట్టించాను, కుస్కో మొదటి రాత్రి విందు తీసేయించాను, అరెకిపా ఆదివారం సిటీ టూర్ సోమవారానికి జరిపించాను. దానికోసం అరెకిపా దగ్గరి కోల్కా లోయ వదులుకోవాల్సొచ్చింది. మరదలు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వాళ్ళు వెళ్ళేది జూన్ చివర్లో కాబట్టి రొయ్యలు దొరుకుతాయి, వాతియా దొరుకుతుంది, ద్రాక్ష బట్టీలు అయిపోయుంటాయి.

మాంసం తిననివాళ్ళకి

మా మరదలు శాకాహారి. ఈ పోస్ట్ కింద ఎలాగూ అడుగుతారు కాబట్టి రాసేస్తున్నా. మాంసం వద్దంటే కోడి తెస్తారు, కోడీ వద్దంటే చేప తెస్తారు, అక్కడ మాంసం అంటే గొడ్డుమాంసం. ఒక్కోటీ పేరు పెట్టి వద్దనాలి. సూప్‌లో కనిపించేవన్నీ కూరగాయలే అయినా నీళ్ళు కోడి ఎముకలవై ఉంటాయి, అడిగి తెలుసుకోండి. ఓకోపా, పాపా ఆ లా వాంకైనా (జున్నూ పసుపు మిరపా నూరి పోసిన బంగాళాదుంప), చిక్కుడు గింజలూ జున్నూ ఆలివ్‌లూ కలిపే సొల్తెరీతో, మొక్కజొన్న పొత్తు మీద జున్ను, వాతియా దుంపలు, వీటితో రోజులు గడుస్తాయి. అరెకిపాలో శుక్రవారం ఉండేట్టు చూసుకోండి, చుపేలో మాంసం ఉండదు. రొయ్య వేస్తారేమో మాత్రం కూర్చునే ముందే అడగండి.